హెడ్డుగారు పడకూడదు

గరువుపాలెం తాలూకాలో సర్కారు ఉద్యోగి ఎవరూ కింద పడకూడదని ఒక ఉత్తరువు ఉండేది. నవ్వకండి. నవ్వకూడదని ఇంకో ఉత్తరువు కూడా ఉండేది, దాని సంగతి తరవాత చెబుతాను.

ఈ ఉత్తరువులన్నీ పుట్టింది మా సినిమా డేరాలో. డేరా మంగాయమ్మది. మొగుడు పోయాక ఆయన నాటకాల కంపెనీ తెరలూ కిరీటాలూ గదలూ తెగనమ్మి ఆవిడ ఒక మిషను కొంది. అప్పటి సినిమాకి మాట లేదు. బొమ్మలు పరిగెత్తేవి, తన్నుకునేవి, పడేవి, అంతా చప్పుడు లేకుండా. మధ్యమధ్య తెర మీద ఇంగ్లీషు అక్షరాలొచ్చేవి. అవి చదవగలిగినవాళ్ళు మా డేరాకి వచ్చేవాళ్ళు కారు, వచ్చేవాళ్ళు చదవగలిగినవాళ్ళు కారు. అందుకని తెర పక్కన ఒక మనిషి కర్ర పట్టుకుని నిలబడి జరిగేదేమిటో అరిచి చెప్పాలి. ఆ మనిషిని నేను. నాకూ ఇంగ్లీషు రాదు. ఆ మాట ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

మిషను తిప్పేవాడు దావీదు. ఇద్దరం ఆ నాటకాల కంపెనీలోంచి వచ్చినవాళ్ళమే. అక్కడ నేను హాస్యం వేషాలేసేవాణ్ణి. కంపెనీ పోయింది, వేషం పోయింది, గొంతు మాత్రం మిగిలింది. ఈ డేరా కూడా ఎత్తేస్తే ఆ గొంతుతో కూరగాయలమ్ముకోవాలి.

మా దగ్గర ఉన్నది ఒక్కటే సినిమా, నవ్వులది. చాలా పొట్టిది. ఒక బక్కదొంగ కొట్లోంచి కేకు ఎత్తుకుపోతాడు. ఒక లావుపాటి పోలీసు వాణ్ణి తరుముతాడు. పోలీసు అరటితొక్క మీద జారతాడు, నీళ్ళ తొట్టిలో పడతాడు, సున్నం బక్కెట్టు నెత్తిన బోర్లించుకుంటాడు, కేకు మొహాన కొట్టించుకుంటాడు. ఆఖరికి దొంగని జైల్లోకి తోసి తలుపేసి, మీసం దువ్వుకుంటూ మళ్ళీ బురదలో పడతాడు. అంతే కథ. ఇంతకన్నా గొప్ప కథ నేను నాటకాల్లో కూడా చూడలేదు.

తెర మీది దొరలకి మన పేర్లు పెట్టి చెప్పడం మా పనిలో పద్ధతి. ఎక్కడ డేరా వేస్తే అక్కడి పేర్లు. గరువుపాలెంలో మొదటి ఆట నాడు, కేకు కొట్టు కనపడగానే "ఇది మన లాకుల దగ్గర కొట్టండోయ్" అన్నాను. జనం "ఓహో" అన్నారు. లావుపాటి పోలీసు వీధిలోకి రాగానే "అదిగో, మన హెడ్డుగారు బయల్దేరారు" అన్నాను.

అన్నాక చూశాను. ముందు బెంచీలో, ఊరికే చూడ్డానికొచ్చిన పెద్దమనుషుల్లో, గరువుపాలెం ఠాణా హెడ్డు కానిస్టేబులు గవర్రాజుగారు పెళ్ళాంతో, అత్తగారితో కూర్చుని ఉన్నారు. అదే పొట్ట. అదే మీసం. జనం తెర చూశారు, ఆయన్ని చూశారు, మళ్ళీ తెర చూశారు. సరిగ్గా అప్పుడే తెర మీది హెడ్డుగారు అరటితొక్క మీద కాలేశారు.

ఆ నవ్వుకి డేరా గుంజలు కదిలాయి. అందరికన్నా గట్టిగా నవ్వింది హెడ్డుగారి భార్య. కేసుకి మూలం అదే.

మర్నాడు నన్ను ఠాణాకి పిలిచారు. సబ్ ఇన్‌స్పెక్టరు కోదండపాణినాయుడుగారు కుర్చీలో, గవర్రాజుగారు మూల నిలబడి.

"హెడ్డుని పడేసింది నువ్వేనా?"

"నేను పడెయ్యలేదండి. అరటితొక్క మీద ఆయనే పడ్డారు."

"ఎవరు?"

"తెర మీదాయనండి."

"తెర మీదాయనకి హెడ్డని పేరు పెట్టిందెవరు?"

"నేనేనండి."

"అయితే పడింది హెడ్డే కదా. పడేసింది నువ్వే కదా. ఇందులో నాకు అనుమానం ఎక్కడుంది?"

ఆయనకి లేదు. నాకు ఉంది గానీ నాలుగో క్లాసుతో బడి మానేసినవాడి అనుమానాన్ని ఠాణాలో ఎవడు రాసుకుంటాడు?

గవర్రాజుగారు దగ్గి, "పొద్దున్న చద్దన్నం పెడుతూ కూడా మా ఆవిడ నవ్విందండి" అని సాక్ష్యం చెప్పారు. "మీసం మీద చెయ్యేస్తే నవ్వుతోందండి. చెయ్యి తీస్తే నవ్వుతోందండి."

"విన్నావా? యూనిఫారం కింద పడిందంటే సర్కారు కింద పడినట్టు. ఇది నా చేతిలో తేలేది కాదు, తహసీల్దారుగారికి పంపిస్తున్నాను."

మా లైసెన్సు ఆ నెలాఖరుతో అయిపోతుంది. మళ్ళీ ఇవ్వాల్సింది ఆ తహసీల్దారే. వానలు ముంచుకొస్తున్నాయి. ఒక తాలూకాలో లైసెన్సు కొట్టేసిన డేరాని పక్క తాలూకావాళ్ళు గుమ్మం దగ్గరికి కూడా రానివ్వరు. లైసెన్సు పోతే డేరా పోయినట్టే.

"నోటికి అడ్డూ ఆపూ ఉండక్కర్లేదుట్రా అబ్బులూ?" అంది మంగాయమ్మ. "చూసి పేరు పెట్టకూడదూ?"

"అంత పొట్టని చూసి ఇంకేం పేరు పెట్టమంటావక్కా?"

తహసీల్దారు చయనులుగారు చాలా చదువుకున్న మనిషి. చదువుకున్న మనిషి కాబట్టి వెంటనే ఒక సంఘం వేశారు. దాని పేరు చలనచిత్ర పతన విచారణ సంఘం. ఆయనే అధ్యక్షులు, నాయుడుగారొక సభ్యులు, ఊళ్ళో ప్లీడరుగారు ఇంకో సభ్యులు. సంఘం పొద్దుటిపూట తాలూకా కచేరీలో కూడి మా చేత ఆ సినిమా వేయించుకుని చూసింది. కిటికీలకి దుప్పట్లు కట్టారు. ముగ్గురూ నవ్వలేదు. నవ్వకుండా ఆ సినిమా చూడ్డం ఎంత కష్టమో నాకు తెలుసు. ప్లీడరుగారి చెవులు ఎర్రబడ్డాయి.

తరవాత తహసీల్దారుగారు ఉత్తరువు చదివారు.

"ఇందుమూలముగా సర్వజనులకు తెలియజేయడమేమనగా, ఈ తాలూకా ఇలాకాయందు ప్రదర్శింపబడు ఏ చలనచిత్రమునందునను, సర్కారు ఉద్యోగి ఎవరును, ఏ హోదాయందున్నను, ఏ కారణముచేతనైనను, క్రింద పడరాదు."

మంగాయమ్మ చేతులు జోడించింది. "అయ్యా, ఆ పడ్డాయన ఎప్పుడో, ఏ దేశంలోనో పడి, లేచి, బట్టలు ఉతుక్కుని ఇంటికెళ్ళిపోయి ఉంటాడు. ఇప్పుడు పడొద్దంటే ఎలాగండి?"

"అది సాంకేతికమైన ఇబ్బంది. సర్కారు సాంకేతికమైన ఇబ్బందులను గుర్తించదు."

"పోనీ పడే ముక్కలు కత్తిరించెయ్యమంటారా?"

దావీదు తల గోక్కున్నాడు. "రీలు చెన్నపట్నం కంపెనీవాళ్ళదమ్మా. కత్తిరిస్తే వాళ్ళు మనల్ని కత్తిరిస్తారు. అయినా పోలీసు పడే ముక్కలు తీసేస్తే మిగిలేది ఆ వీధిలో కనపడే కుక్క ఒక్కటే. అది కూడా ఒకచోట నడిచి వెళ్ళిపోద్ది."

సంఘం ఆలోచనలో పడింది. చివరికి ప్లీడరుగారు గొంతు సవరించుకున్నారు.

"పతనము అనునది దృశ్యము కాదండీ, అభిప్రాయము. తెర మీద కనిపించేదేమిటి? ఒక ఉద్యోగి, నేల, ఆ రెంటికీ ఏర్పడిన సాన్నిహిత్యము. అక్కడ ఆయన ఏమి చేయుచున్నాడనేది ఈ కర్ర పట్టుకున్నవాడు చెబితే కదా జనానికి తెలిసేది. పడ్డాడంటే పడ్డట్టు. తనిఖీ చేస్తున్నాడంటే తనిఖీ చేస్తున్నట్టు."

తహసీల్దారుగారి మొహం విప్పారింది. అక్కడికక్కడే నాకు వాక్యాలు రాసిచ్చారు, అక్షరం పొల్లుపోకుండా వల్లించాలని. వల్లిస్తే లైసెన్సు సంగతి సానుభూతితో పరిశీలిస్తారుట.

ఆ సాయంత్రం ఆట మొదలైంది. లావుపాటి పోలీసు వీధిలోకి వచ్చాడు. అరటితొక్క మీద కాలేశాడు. కాళ్ళు రెండూ ఆకాశంలోకి వెళ్ళాయి. నేను కర్ర చాపి, నాటకంలో రాజుగారి పక్కన మంత్రి మాట్లాడినట్టు చెప్పాను.

"శ్రీ హెడ్డుగారు ప్రజాసౌకర్యార్థము నేలను తనిఖీ చేయుచున్నారు."

ఎవడో వెనక "ఆఁ?" అన్నాడు.

పోలీసు లేచాడు, నాలుగడుగులు పరిగెత్తాడు, తొట్టిలో తలకిందులుగా పడ్డాడు.

"శ్రీ హెడ్డుగారు నీటి పారుదల ఏర్పాట్లను లోతుగా పరిశీలించుచున్నారు."

ఒక ఆడమనిషి కిసుక్కుమంది.

సున్నం బక్కెట్టు ఆయన నెత్తిన బోర్లపడింది.

"సర్కారు భవనముల సున్నపు పనులను దగ్గరనుండి పర్యవేక్షించుచున్నారు."

ఇంక చెప్పడానికి లేదు. జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి నవ్వారు. కేకు వచ్చి ఆయన మొహం నిండా అతుక్కున్నప్పుడు "ఆహార పదార్థముల నాణ్యతను స్వయముగా పరీక్షించుచున్నారు" అనేసరికి నేల మీద కూర్చున్నవాళ్ళు నేలని కొట్టడం మొదలెట్టారు. ఒక ముసలాయన నవ్వలేక నవ్వలేక బెంచీ మీంచి దొర్లి, కింద పడుకునే చెయ్యెత్తి, "ఒరే, ఎవడూ లేపకండి, నేను తనిఖీలో ఉన్నాను" అన్నాడు.

మామూలుగా చెబితే ఆ సినిమాకి జనం నవ్వేవాళ్ళు. సంఘంవారు రాసిచ్చినట్టు చెబితే ఏడ్చేవాళ్ళు, నవ్వి నవ్వి. చుట్టుపక్కల లంకలనుంచి పడవలు కట్టుకుని వచ్చారు. చూసినవాళ్ళే మళ్ళీ చూశారు. నేను ఇన్నేళ్ళు హాస్యం వేషాలేశాను, ఇంత నవ్వు ఎన్నడూ తెప్పించలేదు. ఆ వాక్యాలు రాసినాయన ఒక్కరోజు కూడా నాటకం కంపెనీలో పనిచెయ్యలేదంటే నాకు కడుపు మండేది.

తనిఖీ అన్న మాట ఊళ్ళో పాకింది. సంతలో కుండలతో జారినవాడు తనిఖీ చేశాడు. కల్లు తాగి కాలవగట్టున పడుకున్నవాడు నీటి పారుదల చూస్తున్నాడు. అల్లుడి మొహాన అత్తగారు పులుసు పోస్తే నాణ్యత పరీక్ష.

ఇంతలో తహసీల్దారు చయనులుగారు నిజం తనిఖీకి పక్క పల్లెకి వెళ్ళారు. మునసబు ఎదురొచ్చి దణ్ణం పెట్టాడు. రచ్చబండ దగ్గర కొత్త చాప పరిచి ఉంది, ఒక చివర దిండు కూడా.

"ఇదేమిటి?"

"తమరు తనిఖీ చేస్తారని కబురొచ్చిందండి. ఇక్కడ నేలంతా పల్లేరుకాయలండి. గుచ్చుకుంటాయని చాప వేయించానండి."

ఊరు ఊరంతా చుట్టూ నిలబడి, ఆయన ఎప్పుడు పడుకుంటారా అని భక్తిగా చూస్తోంది.

ఆయన గుర్రబ్బండి తిరిగి కచేరీ చేరేసరికి రెండో ఉత్తరువు తయారైంది. సర్కారు ఉద్యోగి తెరమీద తన విధులను నిర్వర్తించుచుండగా ప్రేక్షకులెవ్వరును నవ్వరాదు, నోరు మూసుకుని నవ్వుటయు నవ్వుటగానే పరిగణింపబడును.

నవ్వేవాళ్ళని పట్టుకోడానికి కానిస్టేబుళ్ళని వేశారు. వాళ్ళు తెరకి వీపు పెట్టి జనం వైపు తిరిగి నిలబడ్డారు. తనిఖీ మాట రాగానే జనం నవ్వారు. ఎందుకు నవ్వారో తెలియకపోతే కేసెలా రాస్తారు? కానిస్టేబుళ్ళు వెనక్కి తిరిగి చూశారు. చూసి నవ్వారు. మర్నాటినుంచి కానిస్టేబుళ్ళు నవ్వుతున్నారేమో కనిపెట్టడానికి హెడ్డుగారిని వేశారు.

ఇక ఊహించుకోండి. తెర కింద కుర్చీలో, జనానికి ఎదురుగా, లాఠీ మోకాళ్ళ మీద పెట్టుకుని గవర్రాజుగారు. ఆయన నెత్తి మీద సరిగ్గా మూరెడెత్తున తెర మీది హెడ్డుగారు. పైన ఆయన తొట్టిలో పడతాడు, కింద ఈయన కళ్ళెర్రజేస్తాడు. పైన ఆయన కేకు తుడుచుకుంటాడు, కింద ఈయనకి చెమట పట్టి మొహం తుడుచుకుంటాడు. నేను వాక్యం చెప్పక్కర్లేకుండా పోయింది. గోదావరి గట్టు తెగినట్టు నవ్వు. ఒక కానిస్టేబులు తనని తానే పట్టుకుని ఠాణాకి తీసికెళ్ళిపోయాడు, అక్కడైతే హాయిగా నవ్వుకోవచ్చని.

ఆట అయ్యాక గవర్రాజుగారు నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "ఏమోయ్ అబ్బులూ, పైన ఏం జరుగుతోందోయ్? నేను చూట్టానికి లేదు."

"తమరు తనిఖీ చేస్తున్నారండి."

"బాగా చేస్తున్నానా?"

"బ్రహ్మాండంగా చేస్తున్నారండి."

ఆయన లాఠీ చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు. ఇంట్లో ఎలా ఉందో అడగబుద్ధి కాలేదు.

నెలాఖరు దగ్గరికొచ్చింది. లైసెన్సు మాటెత్తితే కచేరీ గుమాస్తా ఆకాశం చూస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పిడుగులాంటి కబురు. కలెక్టరు దొరగారు జమాబందీకి, శిస్తు లెక్కలు చూడ్డానికి వస్తున్నారు, సాయంత్రం బయస్కోపు చూస్తారుట. ఏ సినిమా? ఆ లంకలదాకా పేరు పాకిన సినిమాయేనట.

సంఘం పరిగెత్తుకుంటూ డేరాకి వచ్చింది. పట్టపగలు, డేరా తలుపులన్నీ దించేసి దావీదు రీలు వెనక్కి చుట్టుకుంటున్నాడు. దీపం ఆర్పడం మర్చిపోయాడు. తహసీల్దారుగారు తెర వంక చూసి అలాగే నిలబడిపోయారు.

తెర మీద హెడ్డుగారు బురదలో పడుకుని ఉన్నారు. ఉన్నట్టుండి, ఎవరూ చెయ్యివ్వకుండా, చేతులు నేలకి ఆన్చకుండా, కట్టెలాగ నిలువుగా లేచి నిలబడ్డారు. ఒంటి మీది బురదంతా మర్యాదగా కిందికి దిగి గుంటలోకి వెళ్ళిపోయింది. ఆయన మీసం దువ్వుకున్నారు.

"లేచాడు!" అన్నారు తహసీల్దారుగారు. "ఎవరు లేపారు?"

"నేనేనండయ్యా" అన్నాడు దావీదు. "హ్యాండిలు వెనక్కి తిప్పుతున్నాను."

"నాయుడుగారూ, చూశారా! ఇన్నాళ్ళూ వీళ్ళు సినిమాని తప్పుగా తిప్పుతున్నారు. సరిగా తిప్పితే పోలీసు లేస్తాడు!"

నాయుడుగారి కళ్ళు చెమర్చాయి. "మా శాఖ ఎప్పుడూ లేచేదేనండి" అన్నారు.

"ఇకమీదట ఈ చిత్రము చివరనుండి మొదటికి మాత్రమే ప్రదర్శింపబడవలెను. దీనికి పోలీసు అభ్యుదయము అని పేరు పెట్టండి. దొరగారి ముందు ఇది బాగా జరిగితే, మంగాయమ్మా, లైసెన్సు ఇచ్చినట్టే అనుకో. చెడిందా, మర్నాడు డేరా ఉండదు."

అంతవరకే చూశారు వాళ్ళు. మిగతా రీలు చూద్దామని ఎవరికీ తోచలేదు. మాకు తోచింది గానీ మమ్మల్ని అడగలేదు.

కలెక్టరు దొరగారు వచ్చారు. సన్నటి మనిషి, మోకాళ్ళ మీద టోపీ. వెనక జమీందార్లు, ప్లీడర్లు, వాళ్ళ వెనక ఊరంతా. దొరగారికి నా మాటలు తర్జుమా చెప్పడానికి తహసీల్దారుగారు పక్క కుర్చీలో కూర్చున్నారు. గవర్రాజుగారిని ఒక ఇసుక బక్కెట్టు ఇచ్చి మిషను దగ్గర నిలబెట్టారు, జనానికి కనపడకుండా.

దావీదు హ్యాండిలు వెనక్కి తిప్పాడు. హెడ్డుగారు బురదలోంచి లేచారు. "శ్రీ హెడ్డుగారు స్వశక్తితో అభివృద్ధిలోకి వచ్చుచున్నారు" అన్నాను. దొరగారు చప్పట్లు కొట్టారు. తహసీల్దారుగారు నాయుడుగారి వంక చూసి తల ఆడించారు.

తరవాత జైలు తలుపు తెరుచుకుంది. హెడ్డుగారు లోపలున్న దొంగని మెడ పట్టుకుని బయటికి లాగి వదిలేశారు.

దీనికి వాక్యం లేదు. నేనే కల్పించాను. "దయార్ద్రహృదయులై ఖైదీని విడుదల చేయుచున్నారు."

దొరగారు తహసీల్దారుగారి వైపు తిరిగి ఏదో అడిగారు. తహసీల్దారుగారు నవ్వుతూ ఏదో చెప్పారు. ఆ నవ్వు ఎలాంటిదంటే, పళ్ళు ఒక్కటే నవ్వుతున్నాయి.

ఇంతలో కేకు. హెడ్డుగారి మొహం నిండా ఉన్న కేకు ఒక్కసారిగా ఊడి, గుండ్రంగా అయి, ఎగిరి వెళ్ళి దొంగ చేతిలో బుద్ధిగా కూర్చుంది. సున్నం ఆయన కోటు మీంచి లేచి బక్కెట్టులోకి దూకింది. ఆయన తొట్టిలోంచి పొడిబట్టలతో పైకెగిరారు. జనం నవ్వడం మర్చిపోయి నోళ్ళు తెరిచారు, అదేదో మహిమ చూస్తున్నట్టు. ఒకావిడ దణ్ణం కూడా పెట్టింది.

అప్పుడొచ్చింది తరమడం.

ముందునుంచి తిప్పితే పోలీసు దొంగని తరుముతాడు. వెనకనుంచి తిప్పితే? పోలీసు వెనక్కి వెనక్కి పారిపోతున్నాడు. దొంగ మీదికొస్తున్నాడు. అదైనా ఎలా, పోలీసుకి వీపు పెట్టి, ఆయన వంక చూడను కూడా చూడకుండా, కేకు చంకలో పెట్టుకుని వెనక్కి నడిచొస్తున్నాడు. వీధి వీధంతా, వంతెన మీంచి, కొట్ల మధ్యనుంచి, ఆ వీపుని చూసి సర్కారు వారి పోలీసు పారిపోతూనే ఉన్నాడు.

డేరా పగిలింది. ఉత్తరువులూ లేవు, కానిస్టేబుళ్ళూ లేరు. ఊరంతా ఒక్క నోరై నవ్వింది.

దొరగారు నవ్వలేదు. నెమ్మదిగా ఏదో అడిగారు. తహసీల్దారుగారు నా వైపు తిరిగి తెలుగులో అడిగారు. "పోలీసు ఎందుకు పారిపోతున్నాడని దొరగారు అడుగుతున్నారు. దొంగ చూడ్డం కూడా లేదు కదా అంటున్నారు. చెప్పు. ఏదో ఒకటి చెప్పు."

నాకు మంగాయమ్మ మొహం కనిపించింది. కొంగు నోట్లో కుక్కుకుని ఉంది. నవ్వాపుకోడానికో ఏడుపాపుకోడానికో తెలియలేదు.

"శ్రీ హెడ్డుగారు... దొంగకు... దారి చూపుచున్నారు" అన్నాను.

"ఆపు!" అని తహసీల్దారుగారు లేచి అరిచారు. "దావీదూ, ఆపు! అక్కడే ఆపు!"

దావీదు చెయ్యి ఆగింది. తెర మీద హెడ్డుగారు కూడా ఆగిపోయారు. దైవికంగా ఆ ఆగిన చోట ఆయన నిటారుగా, ఛాతీ విరిచి, లాఠీ ఎత్తి నిలబడి ఉన్నారు. రాజావారి విగ్రహంలాగ.

"అదీ!" అన్నారు తహసీల్దారుగారు, ఊపిరి పీల్చుకుని. "అదీ సర్కారు ఉద్యోగి భంగిమ. ఇకమీదట చిత్రము ఇట్లే ప్రదర్శింపబడవలెను. కదలరాదు."

"ఆపితే అంటుకుంటుందండయ్యా" అన్నాడు దావీదు. "దీపం వేడికి రీలు..."

"ఉత్తరువు!"

దావీదు చేతులు కట్టుకున్నాడు. దొరగారు మెచ్చుకోలుగా తల ఊపారు. ఊరంతా కదలని హెడ్డుగారిని చూస్తోంది. అప్పుడు ఆయన పొట్ట మధ్య ఒక గోధుమరంగు చుక్క పుట్టింది. చుక్క కాస్తా నాణెమంత అయింది, నాణెం పళ్ళెమంత అయింది, అంచులు నల్లబడి బుడగలొచ్చాయి. హెడ్డుగారు పొట్టనుంచి మొదలుపెట్టి మాయమైపోతున్నారు. మీసం ఒక్కటీ చివరిదాకా నిలబడింది.

"హెడ్డుగారికి కడుపులో ఏదో అయిందిరోయ్" అన్నాడు ఎవడో.

ఆ తరవాత భగ్గుమంది.

అప్పుడు జరిగినదానికి ఏ కంపెనీ తీసిన సినిమా కూడా సాటి రాదు. జనం తడికెలు ఎత్తి అన్ని వైపులనుంచీ హాయిగా బయటికి పోయారు. కలెక్టరు దొరగారు టోపీ పెట్టుకుని, డేరా గుడ్డ ఎత్తి, కిందనుంచి పాకి వెళ్ళిపోయారు. తెలివైన మనిషి. పెద్దమనుషులు మాత్రం హోదా ప్రకారం గుమ్మంలోంచే పోవాలని గుమ్మం దగ్గర ఇరుక్కున్నారు. నాయుడుగారు బెంచీ ఒక చివర ఎక్కితే రెండో చివరనున్న ప్లీడరుగారు గాల్లోకి లేచి ఒక జమీందారు ఒళ్ళో కూర్చున్నారు.

ఆ మొత్తం డేరాలో మంట వైపు పరిగెత్తిన సర్కారు ఉద్యోగి ఒక్కడే. గవర్రాజుగారు. ఇసుక బక్కెట్టు ఎత్తుకుని మిషను మీదికి వెళుతున్నారు. తహసీల్దారుగారు మిషను పక్కనుంచి గుమ్మంలోకి వస్తున్నారు. ఇద్దరూ ఢీకొన్నారు. హెడ్డుగారు వెల్లకిలా పడ్డారు. ఇసుకంతా ఆయన మొహం మీదే పడింది. తహసీల్దారుగారు ఆగలేదు. ఒక కాలు ఆ పొట్ట మీద వేసి, రెండో కాలు ఛాతీ మీద వేసి, మెట్లెక్కినట్టు దాటి వెళ్ళిపోయారు.

దావీదు తడిగోనె మిషను మీద కప్పాడు. మంట ఆరింది. డేరాకి ఏమీ కాలేదు, మిషనుకి ఏమీ కాలేదు, ఎవరికీ దెబ్బ తగల్లేదు. సినిమా మాత్రం బూడిద.

పెళ్ళి చూడ్డానికొచ్చినవాళ్ళలాగ ఊరంతా బయట నిలబడి ఉంది. గవర్రాజుగారు ఇసుక దులుపుకుంటూ బయటికి రాగానే ఒక్కళ్ళు కూడా నవ్వలేదు. అది ఆయన గమనించారు.

విచారణ జరిగింది. విచారణ చేసింది తహసీల్దారుగారే. నివేదిక ఇలా ఉంది. అగ్నిప్రమాద సమయమున అధ్యక్షులవారు ధైర్యసాహసములతో ప్రజలకు మార్గదర్శకులైరి. హెడ్డు కానిస్టేబులు గవర్రాజు మాత్రము మార్గమునకు అడ్డముగా పడియుండెను. సర్కారు ఉద్యోగి, యూనిఫారమునందుండి, కలెక్టరుగారి సమక్షమున, నిజముగా క్రింద పడుట క్షమార్హము కాదు. అతనికి రానున్న పెద్దపదవి నిలిపివేయడమైనది.

ఆ సినిమాలో వందసార్లు పడ్డవాడికి ఏమీ కాలేదు. ఒక్కసారి పడ్డవాడికి పడింది శిక్ష.

ఇక మా సంగతి. లైసెన్సు పోయినట్టేనని గుంజలు పీకడానికి తాళ్ళు విప్పుతున్నాం. కచేరీనుంచి డవాలా బంట్రోతు వచ్చాడు. మంగాయమ్మ ప్లీడరుగారి గుమాస్తా చేత కాయితం చదివించుకుంది. "డేరాయందు ప్రస్తుతము అభ్యంతరకరమైన చిత్రమేదియు లేనందునను, అసలు ఏ చిత్రమును లేనందునను, శాంతిభద్రతలకు భంగము కలుగు అవకాశము లేదని నిర్ధారించి, సంవత్సరము పూర్తిగా లైసెన్సు మంజూరు చేయడమైనది."

మంగాయమ్మ ఆ కాయితం కళ్ళకద్దుకుంది. తరవాత తెల్లటి తెర వంక చూసింది.

"సినిమా ఉన్నన్నాళ్ళూ లైసెన్సు ఇస్తామనలేదు. లైసెన్సు వచ్చింది, సినిమా లేదు. చెన్నపట్నం కంపెనీవాడు ఇంక మనకి రీలు పంపుతాడా? ఏం చేద్దాంరా?"

"దీపం ఉంది. తెర ఉంది" అన్నాడు దావీదు.

"దాన్నేం చేసుకుంటాం?"

"నా గొంతుందక్కా" అన్నాను.

ఆ సాయంత్రం డేరా తెరిచాం. సినిమా లేదని ముందే చెప్పాం. "మాకు కంఠతా వచ్చులేవయ్యా, నువ్వు చెప్పు" అని జనం వచ్చి కూర్చున్నారు. దావీదు ఖాళీ మిషను తిప్పుతున్నాడు. తెర మీద తెల్లటి వెలుగు. పడేవాడు లేడు, లేచేవాడు లేడు. ఠాణానుంచి వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళు ఆ తెలుపుని జాగ్రత్తగా కాపలా కాస్తున్నారు.

నేను తెర పక్కకి వెళ్ళబోతూంటే ఎవరో భుజం తట్టారు. పంచె కట్టుకుని, కండువా వేసుకుని గవర్రాజుగారు. పక్కన ఆయన భార్య, కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని.

"అబ్బులూ, ఇవాళ హెడ్డుగారు ఉన్నారా కథలో?"

"లేరండి. మీ పేరు మళ్ళీ ఎత్తనండి. బుద్ధొచ్చింది."

"ఛ, ఛ. ఉండనీ. మా ఆవిడ అందుకే వచ్చింది."

"ఉంటే పడాలి కదండి. సర్కారు ఉద్యోగి తెర మీద పడకూడదని ఉత్తరువుంది."

ఆయన తెల్లటి తెర వంక చూశారు. కాపలా కాస్తున్న కానిస్టేబుళ్ళని చూశారు. నా చెవి దగ్గరికి వంగారు.

"తెర మీద ఎవడున్నాడోయ్ పడ్డానికి? నువ్వు నోటితో పడెయ్యి. అరటితొక్క మీద పడెయ్యి, తొట్టిలో పడెయ్యి, నీ ఇష్టం. కానీ ఆఖరున మాత్రం..."

మీసం మీద చెయ్యేసుకున్నారు. ఆవిడ అప్పుడే నవ్వడం మొదలెట్టింది.

"ఆఖరున మాత్రం కాస్త ఎత్తునుంచి, ఆ తహసీల్దారు మీద పడెయ్యి."